మిట్టపల్లాల మేస్త్రి – లామార్కస్ థామ్సన్

హనుమాన్ జంక్షన్ మెట్టకూ మాగాణికీ సరిహద్దున వెలసిన ఊరు. ఆంజనేయస్వామి గుడి ఉన్న కూడలిలో నిలిచి ఉత్తరపు దారి పట్టినవాడు మామిడితోటల నూజివీడు చేరుతాడు. దక్షిణపు దారి పట్టినవాడు వరిచేల నడుమ గుడివాడ చేరుతాడు. బెజవాడ నుండి బయలుదేరిన ఏలూరు కాలువ ఈ ప్రాంతం మీదుగానే సాగిపోతున్నది. 1855లో బెజవాడ వద్ద కృష్ణపై ఆనకట్ట పూర్తికాగా నదిలో నీటిమట్టం పెరిగినది. ఆ పెరిగిన మట్టమే కాలువకు మూలధనం. ఆ ధనాన్ని అంగుళమంగుళంగా ఖర్చుపెట్టుకొంటూ కాలువ సముద్రపు దిక్కుగా నడచి, తనకు దిగువనున్న పొలాలను తడిపినది. ఎగువనున్న మెట్టను మాత్రం ఒక్క గజమైనా ఎక్కలేకపోయినది. నీరు పల్లమెరుగును అన్న మాట మన రైతులకు సామెత మాత్రమే కాదు, ఏటేటా అనుభవం. ఎత్తున మొదలైన దేదైనా, బయటినుండి ఎవరూ తోయనప్పుడు, తాను మొదలైన ఎత్తును మించి పోజాలదు. దారిలో రాపిడికి చెల్లించే సుంకం పోగా ఆ ఎత్తును అందుకొననైనా లేదు.

ఈ న్యాయాన్నే నేటి పిల్లలు కంప్యూటరు తెరమీద నేర్చుకొంటున్నారు. 1999లో స్కాట్లండు దేశస్థుడైన క్రిస్ సాయర్ రూపొందించిన రోలర్ కోస్టర్ టైకూన్ అనే ఆట లోకమంతటా వ్యాపించినది. ఆ కోవకు చెందినవి తరువాత మరెన్నో వచ్చినవి. అందులో ఆడేవాడు ఒక వినోదవనానికి యజమాని. నేల కొని, చెట్లు నాటి, మిట్టలూ పల్లాలూ గల పట్టాలు పరచి, వాటిపై రైలు నడపవలె. రైలుకు ఇంజను ఉండదు. గొలుసు దానిని మొదటి మిట్టపైకి లాగి వదలిపెడుతుంది. ఆ పిమ్మట అది ఊపు మీదనే తిరిగిరావలె. పిల్లవాడు ఉత్సాహం కొద్దీ రెండవ మిట్టను మొదటిదానికి సమంగానో, ఒకింత ఎక్కువగానో కడతాడు. రైలు రివ్వున దిగి, రెండవ మిట్టపైకి ఎగబాకి, శిఖరానికి నాలుగు బారల దూరంలో నీరసించి, ఒక్క క్షణం నిలిచి, వెనుకకు జారుతుంది. అటు కొంత, ఇటు కొంత ఊయలవలె ఊగి, చివరకు పల్లంలో కదలక పడి ఉంటుంది. వెనుకనుండి మరొక రైలు వచ్చిందా, రెండూ నాశనం. పిల్లవాడు పట్టా విప్పి మిట్ట తగ్గిస్తాడు. మళ్ళీ నడిపి చూస్తాడు.

ఆ పిల్లవాని చిక్కును నూటపదిహేనేండ్లకు ముందే నిజమైన కర్రతో, నిజమైన మనుష్యులను కూర్చుండబెట్టి ఎదుర్కొన్నవాడు లామార్కస్ ఆడ్నా థామ్సన్. రోలర్ కోస్టర్‌కు జనకుడని అమెరికనులు ఆయనకు బిరుదిచ్చినారు. జనకుడనడం కొంత అతిశయోక్తియే. అయినా ఆ ఆటను మొట్టమొదట లాభసాటిగా, క్షేమంగా, వేలకొలది జనానికి అందించిన ఘనత ఆయనదే.

థామ్సన్ 1848వ సంవత్సరం మార్చి 8వ తేదీన ఒహాయో రాష్ట్రంలోని జెర్సీ అనే గ్రామంలో జన్మించినాడు. పెరిగినది మిషిగన్ రాష్ట్రంలోని హిల్స్‌డేల్‌లో. పనితనం పుట్టుకతో వచ్చినదనవలె. పన్నెండేండ్ల వయస్సులోనే తల్లికి వెన్న చిలికే యంత్రమూ, తండ్రికి ఎడ్లబండీ చేసి ఇచ్చినాడట. పదిహేడేండ్లు వచ్చేసరికి చేయి తిరిగిన వడ్రంగి అయినాడు. హిల్స్‌డేల్ కళాశాలలో కొంతకాలం చదివినాడు గాని, చదువుకంటె ఉలి, బాడిస ఆయనకు ఎక్కువ దగ్గరివి. తరువాతి జీవితంలో కర్రకట్టడాలను గూర్చి ఆయన చేసిన ప్రతి నిర్ణయంలోనూ ఈ వడ్రంగి కనిపిస్తాడు. కర్ర ఎంత బరువు మోస్తుంది, ఎక్కడ వంగుతుంది, వాన తడికి ఎంత ఉబ్బుతుంది అనేవి ఆయనకు చేతివేళ్ళు చెప్పిన సంగతులు.

ఇండియానా రాష్ట్రంలోని ఎల్క్‌హార్ట్‌లో స్థిరపడి, 1870లలో కుట్టు లేని మేజోళ్ళు అల్లే యంత్రాన్ని కల్పించినాడు. అంతవరకు మేజోటిలో కాలివేళ్ళకు ఒరుసుకొనే అతుకు ఒకటి ఉండేది. చూపులకు చిన్న విషయమే; రోజంతా నిలబడి పనిచేసేవారికి అది చిన్నది కాదు. ఆ వ్యాపారం వృద్ధి పొందినది, ధనం చేకూరినది. కాని ధనంతోపాటు పనిభారమూ పెరిగి, ఆరోగ్యం చెడినది. నరాల బలహీనత అని వైద్యులు తేల్చినారు. ముప్పదియైదేండ్లయినా నిండకుండానే ఆయన ఆ పరిశ్రమనుండి తప్పుకొనవలసి వచ్చినది. మరొకరైతే సంపాదించినది చాలునని వీధి అరుగుమీద కూర్చుండేవారు.

థామ్సన్ దైవభక్తుడు, నియమవంతుడు. ఆ కాలపు అమెరికాలో కార్మికునికి ఆరు దినాలు కర్మాగారం, ఏడవ దినం మద్యశాల. న్యూయార్క్ చెంతనున్న కోనీ ఐలండ్ సముద్రతీరం జూదానికీ, తాగుడుకూ, అంతకంటె హీనమైనవాటికీ పేరుపడినది. ఇది థామ్సన్‌ను బాధించినది. బజారున నిలబడి నీతిబోధ చేసేవారు ఆనాడు కరవు కాదు. ఆయన ఆలోచన వేరు. మనిషికి సంతోషం కావలె. ఆ సంతోషం మంచిచోట దొరకనప్పుడు చెడ్డచోట వెదకుకొంటాడు. భార్యాబిడ్డలతో కలిసి పగటి వెలుగులో, అయిదు సెంట్లకు, అరవై డెబ్బది సెకండ్ల సంతోషం అమ్మవచ్చునా అన్నది ఆయనకు పట్టిన ధ్యాస.

దానికి దారి చూపినది ఒక బొగ్గుగని. పెన్సిల్వేనియా కొండలలో మాక్ చంక్ అనే ఊరున్నది. సమ్మిట్ హిల్ గనులలో తవ్విన బొగ్గును నదీతీరానికి దించడానికి 1827లో అక్కడ సుమారు తొమ్మిది మైళ్ళ పట్టాదారి వేసినారు. దారి పొడవునా వాలు గనుక బొగ్గుబండ్లు తమంతట తామే దిగేవి. ఖాళీబండ్లను మళ్ళీ పైకి లాగేది కంచరగాడిదలు. ఆ గాడిదలను కూడ దిగేటప్పుడు బండ్లలోనే ఎక్కించి తెచ్చేవారు. ఆ సుఖం మరగిన గాడిదలు తరువాత నడచి దిగడానికి మొరాయించేవని ఒక కథ చెబుతారు. నిజమో కాదో గాని గాడిదల బుద్ధికి తగినట్టే ఉన్నది. 1840లలో ఆవిరియంత్రాలు పెట్టి బండ్లను పైకి లాగే ఏర్పాటు చేసినారు. లాగే తాడు తెగినచో బండి వెనుకకు జారిపోకుండా పట్టాల నడుమ పండ్ల పట్టీ ఒకటి అమర్చినారు. ఈ పండ్ల పట్టీని పాఠకులు గుర్తుంచుకొనవలె. 1870లలో బొగ్గు రవాణా వేరు దారి పట్టగా, ఈ పట్టాలమీద సరదాకు జారి దిగడానికే జనం రైళ్ళెక్కి రాసాగినారు. బొగ్గు మోసినప్పటికంటె మనుష్యులను మోసినప్పుడే దానికి కీర్తి వచ్చినది.

జారే సరదా అంతకు పూర్వం లేదని కాదు. రష్యాలో సెయింట్ పీటర్స్‌బర్గ్ ప్రాంతాన శీతకాలంలో కర్రదిబ్బలపై నీరు పోసి గడ్డకట్టించి, వాటిపై జారేవారు. 1817లో పారిస్ నగరవాసులు బండ్లకు చక్రాలు తగిలించి, అవి పట్టాలు వదలిపోకుండా బిగించి, రష్యా కొండలనే పేరుతోనే ఆడుకొన్నారు. అమెరికాలోనే 1878లో రిచర్డ్ నడ్సన్ అనే ఆయన ఎదురెదురు గోపురాల నడుమ పక్కపక్కన రెండు పట్టాలు వేసే పద్ధతికి పేటెంటు పొంది ఉన్నాడు. ఆయన కాగితంమీద గీసినాడు. థామ్సన్ నేలమీద కట్టినాడు. ఈ భేదాన్ని తక్కువ చేయరాదు.

1884వ సంవత్సరం జూన్ మాసంలో కోనీ ఐలండ్ తీరాన థామ్సన్ కట్టిన స్విచ్‌బ్యాక్ రైల్వే తెరచుకొన్నది. పొడవు 600 అడుగులు. రెండు చివరలా రెండు కర్రగోపురాలు. ఎత్తు సుమారు 50 అడుగులు. గోపురం మెట్లెక్కి పైకి చేరిన జనం పొడవాటి బల్లవంటి ఆసనంపై కూర్చునేవారు. ముఖం ముందుకు గాక పక్కకు, సముద్రం కనబడేటట్లు. పనివారు బండిని కొంచెం తోసి వదలేవారు. అలల వలె కట్టిన మిట్టపల్లాల మీద అది గంటకు సుమారు 6 మైళ్ళ వేగంతో సాగేది. నేడు ఇది నవ్వు పుట్టించవచ్చు. మన ఊళ్ళలో సైకిలు తొక్కే పిల్లవాడు దానిని దాటిపోగలడు. 50 అడుగుల ఎత్తునుండి రాపిడి లేకుండా నేలకు జారిన వస్తువు గంటకు సుమారు 39 మైళ్ళ వేగం అందుకొనవలె. థామ్సన్ అంత వేగాన్ని కోరలేదు. వాలు మెల్లగా, మిట్ట మెల్లగా. నూనె రాసిన చక్రం పట్టాను ఒరుసుకొంటూ పోగొట్టుకొనే ఊపు ఎంతో చూచుకొని, ప్రతి మిట్టనూ దాని ముందటి మిట్టకంటె తగ్గించినాడు.

చిక్కు చివరనున్నది. అవతలి గోపురం కూడ ఇవతలిదంత ఎత్తే. అక్కడినుండే గదా తిరుగు ప్రయాణం ప్రారంభం కావలె. బండి తనంతట తాను అంత ఎత్తు ఎక్కలేదు. ఏ యంత్రమూ పెట్టకుండా దీనిని జయించడం ఎవరి తరమూ కాదు. థామ్సన్ జయించే ప్రయత్నమే చేయలేదు. బండి ఎక్కడ అలసిపోతుందో అక్కడ దానిని నిలిపినాడు. జనం దిగేవారు. కూలీలు ఖాళీబండిని చేతులతో తోసి గోపురం మీదికి ఎక్కించి, పక్క పట్టాపైకి మార్చేవారు. జనం మెట్లెక్కిపోయి మళ్ళీ కూర్చునేవారు. బండి బయలుదేరిన చోటికి జారివచ్చేది. ఇంత శ్రమ ఉన్నప్పటికీ రోజుకు సుమారు 600 డాలర్లు వచ్చినవనీ, మూడు వారాలలో పెట్టుబడి తిరిగి చేతికందినదనీ చెబుతారు. మరుసటి ఏడు జనవరిలో ఆయనకు పేటెంటు లభించినది.

ఇక్కడ ఒక సంగతి వివరింపవలసి ఉన్నది. మిట్టను దాటడం ఎత్తుల లెక్క మాత్రమే అయినచో ఎవరైనా ఒకసారి లెక్కవేసి నిశ్చింతగా ఉండవచ్చు. కాని ఒకే బండి ఒకే పట్టామీద ఉదయం ఒక రీతిగా, మధ్యాహ్నం మరొక రీతిగా నడుస్తుంది. చలికి చక్రాల కందెన చిక్కబడితే ఊపు తగ్గుతుంది. ఎదురుగాలి వీస్తే తగ్గుతుంది. బండి నిండా జనముంటే గాలి దెబ్బకు బరువు కొద్దీ తట్టుకొంటుంది; ఖాళీగా పోతే మధ్యలోనే నీరసిస్తుంది. అనేక పెట్టెలు గల పొడవైన రైలుకు మరొక సదుపాయం: ముందు పెట్టెలు మిట్ట దాటి అవతల దిగుతూ, ఇంకా ఎక్కుతున్న వెనుక పెట్టెలను లాగుకొనిపోతవి. కనుక కట్టేవాడు అన్నిటికంటె అధమమైన దినాన్ని, అంటే చలిగాలి వీచే ఉదయాన ఖాళీగా పోయే మొదటి బండిని, మనస్సులో పెట్టుకొని మిట్ట ఎత్తు నిర్ణయించవలె. అతిగా తగ్గిస్తే జనానికి సరదా ఉండదు. ఆశపడి పెంచితే బండి పల్లంలో చిక్కుకొంటుంది. ఈ రెండింటి నడుమ బతికినవాడు థామ్సన్.

ప్రత్యర్థులు వెంటనే పుట్టుకొచ్చినారు. అదే 1884లో చార్లెస్ ఆల్కోక్ అనే ఆయన పట్టాలను కోడిగ్రుడ్డు ఆకారంలో చుట్టి, ఎక్కినచోటనే జనం దిగేటట్లు చేసినాడు. 1885లో ఫిలిప్ హింకిల్ అనే ఆయన మరింత గట్టి దెబ్బ కొట్టినాడు. ఆవిరియంత్రంతో నడిచే ఎత్తుసాధనం పెట్టి, జనం కూర్చునియున్న బండినే మొదటి మిట్టపైకి లాగినాడు. ఇక మెట్లెక్కే పని లేదు, తోసే కూలీలు లేరు. కాలువ నీరు ఎక్కలేని చోటికి పంపులు పెట్టి నీటిని ఎత్తిపోసే విద్య మన ప్రాంతానికి కొత్త కాదు. 2015లో ప్రారంభమైన పట్టిసీమ పథకం గోదావరి నీటిని ఎత్తి కృష్ణకు పంపేది ఆ విధంగానే. ఎత్తిన పిమ్మట నీటి దారి మళ్ళీ పల్లానికే. హింకిల్ చేసినదీ అంతే. ఊపు పుట్టే స్థలం మారలేదు, దానిని సంపాదించే కష్టం మాత్రం మనిషి భుజాలనుండి యంత్రానికి మారినది.

కూలీలు తోసే బండి ఇక పాతపడినది. అయినా థామ్సన్ వెనుకంజ వేయలేదు. 1884కూ 1887కూ నడుమ సుమారు 30 పేటెంట్లు సంపాదించినాడు. బండిని పట్టి నిలిపే సాధనాలు, లాగే తాళ్ళు, బండ్లను జతచేసే కొక్కేలు, ఒక్కొక్కటే చక్కబరచుకొన్నాడు. అన్నిటికీ మించి, వేగంలో పోటీపడడం తన పని కాదని గ్రహించినాడు. జేమ్స్ గ్రిఫిత్స్ అనే సహచరునితో కలిసి 1887లో అట్లాంటిక్ సిటీ తీరాన దృశ్యాల రైలు ఒకటి కట్టినాడు. రైలు చీకటి సొరంగంలోకి దూరుతుంది. అది పట్టాపైనున్న మీటను తాకగానే దీపాలు వెలిగి, రంగులు పూసిన పర్వతాలూ, గుహలూ, దూరదేశాల దృశ్యాలూ కన్నులకు కడతవి. ఊరు విడిచి ఎన్నడూ పోని శ్రామికుడు నాలుగు నిమిషాలు లోకయాత్ర చేసి వచ్చేవాడు. ఊహ తెలిసిన వ్యాపారి అని దీనినిబట్టి ఆయనను మెచ్చుకొనేవారున్నారు. ఆ మెప్పు చాలదు. మిట్ట ఎత్తు పెంచకుండా ఆనందం పెంచడం ఎట్లా అన్న ప్రశ్నకు ఆయన ఇచ్చిన జవాబు అది. అందువలన ఆ బండ్లు పల్లాలలో చిక్కుకొనే భయం తక్కువ. 1888 నాటికి అమెరికాలోనూ ఐరోపాలోనూ కలిపి సుమారు 50 రైళ్ళు కట్టినాడు. 1895లో తన పేర సంస్థను స్థాపించినాడు.

ఆయన చేసిన మరొక మేలు, తన చెంత ఒక యువకుని పెరగనిచ్చుట. జాన్ మిల్లర్ 1872లో ఇల్లినాయిలో పుట్టి, పందొమ్మిదేండ్ల వయస్సుకే థామ్సన్ వద్ద పనిలో కుదిరినాడు. గురువు నిదానం, శిష్యుడు సాహసి. ఎత్తు, వేగం, నిట్టనిలువు వాలు మిల్లర్‌కు కావలసినవి. అయితే సాహసం చేయదలచినవాడు ముందు జారుడుకు విరుగుడు కనిపెట్టవలెనన్న తెలివి ఆయనకున్నది. గొలుసు తెగినచో నిండు బండి మొదటి మిట్టమీదినుండి వెనుకకు దొర్లి, క్రింద నిలిచినవారిపై పడుతుంది. 1910లో మిల్లర్ పేటెంటు పొందిన సాధనం దీనిని అరికట్టినది: బండి అడుగున వేలాడే ఇనుప నాలుక, పట్టా నడుమ పండ్ల పట్టీ. బండి పైకి పోతుంటే నాలుక ఒక్కొక్క పన్నునూ టకటకమని దాటుతుంది. వెనుకకు జారబోతే పంటిలో ఇరుక్కొని నిలిపివేస్తుంది. మాక్ చంక్ కొండమీద బొగ్గుబండ్లను కాచిన పండ్ల పట్టీయే ఇది, మనుష్యుల బండికి తగినట్లు మలచినది. నేడు రోలర్ కోస్టర్ ఎక్కినవారు పైకి పోయేటప్పుడు వినే టకటక శబ్దం గొలుసుది అనుకొంటారు. అది ఆ ఇనుప నాలుక చప్పుడు.

ఈ సాధనం కాపాడేది మొదటి మిట్టమీద మాత్రమే. గొలుసు వదలిన తరువాత రెండవ మిట్టనో, మూడవ మిట్టనో దాటలేని బండిని అది ఆదుకొనలేదు. అక్కడ ఇప్పటికీ థామ్సన్ నాటి లెక్కయే శరణ్యం. మిల్లర్ 1919లో పట్టా అడుగుభాగాన్ని పట్టుకొనే చక్రాలకు కూడ పేటెంటు పొందినాడు. వాటివలన బండి మిట్ట శిఖరాన గాలిలోకి లేచిపోదు. మిట్టలు ఎత్తుగా, నిటారుగా కట్టే ధైర్యం ఆ చక్రాలతో వచ్చినది. నూటికి పైగా పేటెంట్లు గడించి ఆయన 1941లో మరణించినాడు.

థామ్సన్ ఆ ఎత్తైన మిట్టల యుగాన్ని చూడలేదు. న్యూయార్క్ సమీపాన లాంగ్ ఐలండ్‌లోని గ్లెన్ కోవ్‌లో నివసిస్తూ, 1919 మే నెలలో, డెబ్బదొకటవ ఏట కన్నుమూసినాడు. ముప్పదియైదు నిండకుండానే ఆరోగ్యం చాలించుకొన్నదని వైద్యులు తేల్చిన మనిషి మరి ముప్పదియైదేండ్లు పనిచేసినాడన్నమాట. మద్యశాలల మీద ఆయన గెలిచినాడా అంటే, లేదు. కోనీ ఐలండ్‌లో తాగుడు ఆయన బండివలన ఆగలేదు. కాని కుటుంబంతో కలిసి అయిదు సెంట్లు ఖర్చుపెట్టి సంతోషించే చోటు ఒకటి అక్కడ ఏర్పడినది. దాని చుట్టూ వినోదవనాలనే కొత్త పరిశ్రమయే లేచినది.

ఆయన పోయిన తరువాతి దశాబ్దంలో అమెరికా అంతటా కర్రకొండలు వెలసినవి. కోనీ ఐలండ్‌లో 1927లో కట్టిన సైక్లోన్ నేటికీ నడుస్తున్నది. 1929 నాటి ఆర్థిక మాంద్యంలో వందలకొలది మూతపడి, కర్ర వంటచెరకైనది. మాక్ చంక్ దారి కూడ 1933లో ఆగిపోయి, పట్టాలు పాతఇనుముగా అమ్ముడుపోయినవి. థామ్సన్ దృశ్యాల రైళ్ళ పద్ధతిలో 1912లో ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్ లూనా పార్కులో కట్టినది మాత్రం మిగిలినది. దానిలో బండ్ల నడుమ ఒక మనిషి నిలబడి ఉంటాడు. అతని చేతిలో బ్రేకు కర్ర. ఆనాటి గాలి ఎట్లా ఉన్నదో, బండిలో ఎందరున్నారో చూచుకొని, ఏ పల్లంలో ఎంత ఊపు ఆపవలెనో, ముందున్న మిట్టకు ఎంత మిగల్చవలెనో అతడే నిర్ణయిస్తాడు.